మామయ్యగారి తుప్పు వైద్యం

మామయ్యగారు ఇంగ్లండులో మా ఊరు మిల్టన్ కీన్స్ వచ్చి నెల తిరక్కుండానే మా ఇంట్లో తుప్పు అయిపోయింది.

అతిశయోక్తి కాదు. ఈ ఇంట్లో మాకు ముందున్నవాళ్ళు షెడ్డులో వదిలేసిపోయిన గడ్డపార, చెట్లు కత్తిరించే కత్తెర, నా సైకిలు చైను, వెనక గేటు గడియ, అన్నీ తళతళ మెరుస్తున్నాయి. గడియ ఊడదీయడం వచ్చింది గానీ తిరిగి బిగించడం రాకపోవడంతో గేటుని ఇప్పుడు తాడుతో కట్టుకుంటున్నాం. గడియకి మాత్రం తుప్పు లేదు. షెల్ఫులో షోకేసు బొమ్మలాగా ఉంది.

మామయ్యగారి పేరు రామకృష్ణారావు. తెనాలిలో ఒక కాలేజీలో సర్వీసంతా కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. అత్తయ్యగారు మా మరదలి పురుడికని హైదరాబాదులో ఉండిపోవడంతో ఆయనొక్కరే మా దగ్గరికి వచ్చారు. మా ఆవిడ శ్రీప్రియ హాస్పిటల్లో డాక్టరు. ఆమె డ్యూటీల రోటా ఎప్పుడు ఎలా ఉంటుందో ఆమెకే తెలీదు. కాబట్టి పొద్దస్తమానం ఇంట్లో ఉండేది ఆయనా, నేనూ. మధ్యలో ఆయన బకెట్టూ.

ఆ బకెట్టు సంగతి ఏమిటంటే, దాన్నిండా నీళ్ళు పోసి చాకలిసోడా కలుపుతారు. ఒక పక్క పనికిరాని ఇనప ముక్కని దించి దానికి ఎర్ర వైరు తగిలిస్తారు. ఇంకో పక్క తుప్పు పట్టిన వస్తువుని వేలాడదీసి దానికి నల్ల వైరు. రెండు వైర్లూ కారు బ్యాటరీ చార్జరుకి. స్విచ్చి వేయగానే తుప్పు వస్తువు చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి. సాయంత్రానికి నీళ్ళ మీద గోధుమరంగు నురగ తేలి, వస్తువు శుభ్రంగా బయటికొస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, మొదటిసారి. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో గార్డెన్లో నిలబడి, "ఎర్రది ఎక్కడ, నల్లది ఎక్కడ, చెప్పండి అల్లుడుగారూ" అని పరీక్ష పెడుతుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. తప్పు చెబితే మళ్ళీ మొదట్నుంచీ.

చార్జరు ఇచ్చింది పక్కింటి మస్తాన్. నెల్లూరు కుర్రాడు, ఇక్కడ టాక్సీ నడుపుతాడు. ఇచ్చినవాడు ఊరుకోకుండా తన కారు జాకీ, స్పానర్లు, చివరికి వాళ్ళ ఇంటి ఓనరు గారి పాత ఇస్త్రీపెట్టె కూడా మోసుకొచ్చాడు. "మామ ఉండాడా అన్నా?" అంటూ తలుపు కొట్టినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మామ ఉండక ఎక్కడికి పోతాడు?

ఏమీ అనడానికి లేదు. మా వైపు అల్లుడు మామగారిని పల్లెత్తు మాట అనడం ఉండదు. ఆయనా నన్ను "అల్లుడుగారూ, మీరు" అనే పిలుస్తారు. కాళ్ళు చాపుకుని కూర్చోవాలన్నా ఒకరినొకరు చూసుకుని సర్దుకుంటాం. ఇంత మర్యాద నడుమ మనిషికి కోపం వస్తే పోవడానికి దారి ఉండదు.

కోపానికి అసలు కారణం బకెట్టు కూడా కాదు. క్రితం ఏడాది నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడింది. కొన్నాళ్ళు అప్లికేషన్లు పెట్టి విసిగిపోయి, నాకు నిజంగా చేతనైన పని ఏమిటా అని ఆలోచిస్తే అట్లు పోయడం తేలింది. నవ్వకండి. కాగితంలా పల్చగా, అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా వచ్చే అట్టు పోయడం అందరికీ రాదు. ఎవరింట్లో పూజైనా, పుట్టినరోజైనా పిలిచి నాచేత పోయించుకుంటారు. దగ్గర్లోని ఒక వీధి మార్కెట్లో శనివారం స్టాలుకి అప్లై చేశాను. మార్కెట్ చూసే హెలెన్ అనే ఆవిడ, "ఒక శనివారం వచ్చి చేసి చూపించు. బాగుంటే చోటు నీది. చోటు కోసం ఇంకా చాలామంది ఉన్నారు, రెండో అవకాశం ఉండదు" అని చెప్పింది.

ఇది మామయ్యగారికి మింగుడు పడలేదు. నోటితో ఎప్పుడూ అనలేదు. కానీ తెనాలి నుంచి ఫోన్లు వస్తే, "అల్లుడుగారు ఏదో సొంత కంపెనీ ప్రయత్నంలో ఉన్నారండీ" అని గార్డెన్ చివరికి వెళ్ళిపోయేవారు. గోడకి చెవులున్నట్టు మా ఇంట్లో గార్డెన్‌కీ ఉన్నాయి. నేను వింటూనే ఉండేవాణ్ణి.

ఇక పెనం. పెళ్ళయిన కొత్తలో తెనాలి సంతలో కొన్న దుక్క ఇనుము పెనం అది. లగేజీలో నా బట్టలు తీసేసి మరీ తెచ్చుకున్నాను. దానికి సబ్బు తగలనివ్వలేదు. పులుసు తగలనివ్వలేదు. వాడిన ప్రతిసారీ తుడిచి, నూనె రాసి, కాగనిచ్చి, ఏళ్ళ తరబడి సాకితే అది నల్లగా, నున్నగా, అద్దంలా తయారైంది. దాని మీద పిండి పోస్తే అట్టు దానంతట అదే లేచి వస్తుంది. శ్రీప్రియని కూడా దాన్ని కడగనిచ్చేవాణ్ణి కాదు. "నన్ను చూసుకున్నావా ఎప్పుడైనా అలాగ" అని దెప్పేది. నాన్‌స్టిక్ పెనాలు స్టాల్లో పెట్టే గ్యాసు మంటకి ఆగవు, కొత్త ఇనప పెనం కొంటే అది లొంగడానికి నెలలు పడుతుంది. నా స్టాలంటే ఆ పెనమే.

రేపు హెలెన్ చెప్పిన శనివారం అనగా, మినపగుళ్ళ కోసం లండన్ పక్కనున్న ఇల్ఫర్డ్ వెళ్ళాను. ఇక్కడా దొరుకుతాయి గానీ పిండి అంత ఒదగదు. వచ్చేటప్పుడు మోటార్‌వే మీద ఎవరో లారీ అడ్డం పెట్టారు. కదలకుండా కూర్చుని, కూర్చుని, ఇంటికి చేరేసరికి సాయంత్రం అయింది. నానబెట్టి రుబ్బి పులియబెట్టిన పిండి ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంది, ఈ గుళ్ళు వచ్చే వారానికి. వెళ్ళకపోయినా పోయేది. అది తల్చుకుంటే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

వంటింట్లో పెనం కనపడలేదు.

"మామయ్యగారూ, పెనం ఏదండీ?"

"రండి అల్లుడుగారూ, మీకోసమే చూస్తున్నా" అని గార్డెన్లోంచి గొంతు వినిపించింది. అంత సంతోషంగా ఆ గొంతుని నేను అదివరకు వినలేదు.

బకెట్టులో పట్టలేదని దుప్పట్లు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఖాళీ చేశారు. అందులో నల్లటి నీళ్ళు. పైన రేకులు రేకులుగా ఊడిన నలుపు తేలుతోంది. మామయ్యగారు రెండు చేతులతో నా పెనాన్ని పైకెత్తి పట్టుకున్నారు. బూడిదరంగులో, వెల్లవేసిన గోడలాగా, మొహం మీద ఏమీ లేకుండా ఉంది.

"ఎంత మకిలి వదిలిందనుకున్నారు! పొద్దున మీరు బయల్దేరగానే వేశాను. మధ్యలో రెండుసార్లు స్క్రబ్బరుతో రుద్దాను. స్టీలు ముక్క మాత్రం వాడలేదు లెండి, స్టీలు వాడితే నీళ్ళలోకి విషం దిగుతుంది. తినే వస్తువు కదా, జాగ్రత్తగా పాత గేటు ఇనుమే పెట్టాను."

నేను టబ్బులోంచి ఒక నల్లటి రేకు తీసి చూశాను.

"వెంటనే తుడవాలి, లేకపోతే..." అంటూ ఆయన పెనాన్ని వెలుతురులోకి తిప్పారు. మేం చూస్తుండగానే దాని మీద లేత నారింజరంగు పొర కమ్ముకోసాగింది. "అదుగో, చూశారా? పచ్చి ఇనుము గాలికి ఎంత తొందరగా తుప్పు పడుతుందో. క్లాసులో చెప్పడమే గానీ ఇంత బాగా నేను కూడా ఎప్పుడూ చూళ్ళేదు."

"అది మకిలి కాదండీ" అన్నాను.

"మరి?"

"నూనె. ఏళ్ళ తరబడి కాగి, కాగి పట్టిన నూనె. అది ఉంటేనే అట్టు అంటుకోదు."

ఆయన ఒక నిమిషం ఆలోచించారు. తర్వాత ఆయన మొహం వెలిగింది. నాకు అంతకంటే బాధ వేసిన క్షణం ఇంకోటి లేదు. "అవును కదూ. నూనె వేడికి గట్టిపడి పొరగా మారుతుంది. అణువులన్నీ ఒకదానికొకటి గొలుసులాగా..." అని మొదలుపెట్టారు. నేను ఆయన చేతుల్లోంచి పెనం లాక్కుని లోపలికి వచ్చేశాను.

శ్రీప్రియకి ఫోన్ చేశాను. వార్డులో ఉంది. విషయం చెప్పాను.

"అనిరుధ్, నాన్నని ఏమీ అనకు. ప్లీజ్. ఆయన తట్టుకోలేడు."

"నేను తట్టుకోగలనా?"

"హాస్పిటల్ బ్లీప్ మోగుతోంది, వెళ్ళాలి. ఏమీ అనకు" అని పెట్టేసింది.

పెనం పొయ్యి మీద పెట్టాను. ఉల్లిపాయ సగానికి కోసి, ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి రుద్దడం మొదలెట్టాను. పొగ వచ్చేదాకా కాల్చడం, ఆర్చడం, మళ్ళీ రుద్దడం. ఇల్లంతా పొగ. సీలింగుకున్న పొగ అలారం గొల్లుమంది. మామయ్యగారు కుర్చీ ఎక్కి న్యూస్‌పేపరుతో దానికి విసురుతూ, "ఏ నూనె వాడుతున్నారు? అవిసె నూనె అయితే తొందరగా పొర కడుతుందని నా అంచనా. వేరుశనగ నూనెలో ఆ గుణం తక్కువ" అన్నారు. నేను పళ్ళు బిగబట్టాను. "మంట మరీ ఎక్కువైతే పొర కట్టకుండా మాడిపోతుంది అల్లుడుగారూ." ఇంకా బిగబట్టాను. గోధుమరంగు మచ్చలు పడ్డ పెనం మీద ఒక గరిటె పిండి పోసి చూశాను. అది చంటిపిల్లాడు తల్లిని పట్టుకున్నట్టు పట్టుకుంది. అట్లకాడతో గీకితే ముక్కలు ముక్కలుగా ఊడింది.

"నేను చెప్పానా, ఉష్ణోగ్రత..." అన్నారు కుర్చీ మీంచి.

"ఆపండి."

అన్నది నేనే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇక ఆగలేదు. "మీ పాఠం వినడానికి నేను మీ స్టూడెంటుని కాను. మీకు నేను అట్లు పోయడం నామోషీ. నోటితో చెప్పలేక నా పెనానికి కరెంటు పెట్టారు. రేపు ఇది పోతే నాకు మళ్ళీ చోటు రాదు. తెలుసా మీకు? తెనాలిలో అందరికీ సొంత కంపెనీ అని చెప్పుకుంటున్నారుగా, చెప్పుకోండి. ఆ కంపెనీ మూతబడిందని కూడా చెప్పండి."

అలారం దానంతట అదే ఆగిపోయింది. మామయ్యగారు పేపరు మడతపెట్టి, జాగ్రత్తగా కుర్చీ దిగారు.

"నామోషీగా ఉన్నమాట నిజమే అల్లుడుగారూ" అన్నారు. "అబద్ధం చెప్పను. ఇంజినీరింగు చదివిన మనిషి బజార్లో పొయ్యి దగ్గర నిలబడతాడా అని వచ్చిన రోజు నుంచీ మనసు పీకుతూనే ఉంది. కానీ పెనం అందుకు ముట్టుకోలేదు. ఎటూ మీరు వెళ్ళి తీరతారని తెలిసింది. ఆ నల్లపెనం చూసి అక్కడివాళ్ళు మిమ్మల్ని శుభ్రం లేని మనిషి అనుకుంటే నేను చూస్తూ ఊరుకోగలనా? మిగతా వస్తువులన్నీ చేసినట్టే ఇదీ చేశాను. నాకు వచ్చిన పని అదొక్కటే."

ఆయన మేడమీదికి వెళ్ళిపోయారు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. నాకు సిగ్గేసింది. పెనం వంక చూస్తే మళ్ళీ కోపం వచ్చింది. ఈ రెండూ కలిపి వస్తే మనిషి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నేను ఉల్లిపాయ రుద్దుతూ కూర్చున్నాను.

పొద్దున కారులో సామాను సర్దుతుంటే మామయ్యగారు ఇస్త్రీ చొక్కా, స్వెట్టరు, మఫ్లరుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. "నేనూ వస్తాను" అన్నారు. వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు. దారి పొడుగునా ఇద్దరం కూడళ్ళలోని రౌండబౌట్లు చూసుకుంటూ కూర్చున్నాం. మిల్టన్ కీన్స్‌లో వాటికేం కొదవ లేదు.

స్టాలు పెట్టి పొయ్యి వెలిగించేసరికి జనం మొదలయ్యారు. పెనం రాత్రి మీద కాస్త నల్లబడింది గానీ మొహం నిండా మచ్చలే. మొదటి అట్టు అంటుకుంది. రెండోదీ అంటుకుంది. గీకిన ముక్కల్ని చెత్తసంచీలో వేయబోతుంటే మామయ్యగారు అడ్డం వచ్చారు.

"పారేయకండి. అందరూ చూస్తున్నారు. పారేసే తిండి ఎవరు కొనుక్కుంటారు?" అని పేపరు ప్లేటు ఒకటి తీసి నా ముందుకి చాపారు. "ఇందులో వేయండి."

వేశాను. ఆయన కౌంటరు అవతలి వైపుకి వెళ్ళి, కొనుక్కున్నవాళ్ళు నిలబడే చోట నిలబడి, ఆ చిరిగిన అట్టుని చట్నీతో తినసాగారు. పెళ్ళిళ్ళలో బఫే పెడితే కుర్చీ దొరికేదాకా ప్లేటు ముట్టుకోని మనిషి. షుగరు మనిషి. రాత్రి భోంచేయలేదు, పొద్దున కాఫీ తప్ప ఏమీ లేదు. వీధిలో, చలిలో, మఫ్లరు అంచు చట్నీలో పడకుండా ఒక చేత్తో పట్టుకుని తింటున్నారు. తినేసి, ఖాళీ ప్లేటు మళ్ళీ చాపారు.

నేను నూనె రుద్ది ఇంకోటి పోశాను. అదీ చిరిగింది. ఇంకోటి. ఆయన మాట్లాడకుండా తింటూనే ఉన్నారు. దారిన పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి, ఇంత పెద్దాయన అంత శ్రద్ధగా తింటున్నది ఏమిటా అని చూసి, ఆయన వెనక నిలబడ్డారు. క్యూ మొదలైంది. క్యూ రావడం వేరు, క్యూకి పెట్టడానికి అట్టు ఉండటం వేరు.

సరిగ్గా అప్పుడే హెలెన్ వచ్చింది. పెనం వంకా, ముక్కల వంకా చూసి కనుబొమ్మలు ఎగరేసింది. నేను నోరు తెరిచేలోగా మామయ్యగారు ఆమె వైపు తిరిగారు.

"మేడమ్, నేను ఈయనకి పిల్లనిచ్చిన మామగారిని. కెమిస్ట్రీ లెక్చరర్ని. ఈయన పెనాన్ని నిన్న నేను పాడుచేశాను. తప్పు నాది, ఈయన పనితనానిది కాదు" అన్నారు, క్లాసురూము ఇంగ్లీషులో, మాటకీ మాటకీ మధ్య ఎడం ఇస్తూ. "ఎలా పాడయిందో మీకు తెలియాలి."

చెప్పడం మొదలుపెట్టారు. చాకలిసోడా, ఎర్ర వైరు, నల్ల వైరు, బుడగలు, ఒక్కటీ వదల్లేదు. నాకు తల పట్టుకోవాలనిపించింది. హెలెన్ ఒకసారి వాచీ చూసుకుంది. ఆయన ఊరుకోలేదు. మధ్యలో ప్లేటు నా వైపు చాపడం, నేను వేసిన ముక్కలు తినడం, మళ్ళీ పాఠం అందుకోవడం. క్యూలో ఒక ముసలాయన తన పాత రంపానికి కూడా ఇది పనిచేస్తుందా అని అడిగాడు. ఇంకేముంది, ఆయనకి ఇంకో పాఠం. నేను వాళ్ళ వంక చూడటం మానేసి పెనం వంక చూశాను. ఒక్కో అట్టుతో ఒక్కో పూత నూనె పడుతోంది. ఒకదానికి అంచులు లేచాయి. తర్వాతదానికి సగం వచ్చింది. ఆ తర్వాతది నడుమ కాస్త పట్టుకుని, అట్లకాడ తగలగానే వదిలేసింది.

అలా వదిలింది ఒక్కటి, నిండుగా, పల్చగా, చిరుగు లేకుండా. మడిచి హెలెన్ చేతికిచ్చాను. ఆమె పాఠం వింటూనే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. తర్వాత పాఠం వినడం మానేసింది. మొత్తం తినేసి, వేళ్ళు తుడుచుకుని, "వచ్చే శనివారం నుంచి ఇదే చోటు. ఆయన్ని కూడా తీసుకురా" అని వెళ్ళిపోయింది.

గరిటె నిండా పిండి తీసి ఇంకో అట్టు పోశాను. అది ఆ పెనం మీద నేను పోసిన అట్లన్నిట్లోకీ అందంగా వచ్చిందని చెప్పలేను గానీ, ఆ పొద్దుటికి అదే మంచిది. ప్లేటులో పెట్టి, చట్నీ వేసి, మామయ్యగారి ముందు పెట్టాను. ఆయన మీద పెట్టుకున్న కోపం అప్పటికీ పూర్తిగా పోలేదు, కానీ ఆయన్ని అలా నిలబెట్టి చిరుగులు తినిపించినందుకు నాకు ఏడుపొచ్చేలా ఉంది.

"తీసుకోండి మామయ్యగారూ. ఇది బాగా వచ్చింది."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు, ల్యాబులో పిల్లల ప్రయోగం దిద్దుతున్నట్టు.

"ఎక్కడా చిరగలేదే?"

"లేదండీ."

"మరి నాకెందుకు పెడతారు? ఇది అమ్మే సరుకు" అని ప్లేటు వెనక్కి నెట్టారు. "చిరిగితే ఇవ్వండి, తింటాను."

నేను ఏదో అనబోయాను. ఆయన వినకుండా క్యూ వైపు తిరిగి, మఫ్లరు సర్దుకుని, క్లాసులో హాజరు పిలిచే గొంతుతో, తర్వాతివాళ్ళని ముందుకి రమ్మని పిలిచారు.